గోడకు మేకు కొట్టు విద్య

సమకాలిక కళాకృతులను, నిత్యోపయోగమునకై రూపకల్పన చేయబడిన వస్తువులను ఏర్చి కూర్చి జనులయెదుట నిలుపు క్యూరేటరు వృత్తి పాఠశాలలో నేర్వదగినదా, లేక వస్తువుల నడుమ ఏండ్లు గడపగా అలవడవలసినదా అను విషయమును గూర్చి నాకు మిత్రుడైన ఒక వృద్ధునకును ఆయన మేనకోడలికిని జరిగిన వాదమును, విన్నంతవరకు, ఇచట పొందుపరచుచున్నాను. మేనమామ ఒక ప్రదర్శనశాలలో నిలువగదికి అధికారియై, తన ఉద్యోగకాలమంతయు రిజిస్టర్లతోను తాళపుచెవులతోను కర్పూరపుబిళ్లలతోను గడిపినవాడు. మేనకోడలు బరోడాలో చిత్రలేఖనము చదివి, విద్యార్థివేతనము సంపాదించుకొని, లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో సమకాలిక కళా క్యూరేటింగు అభ్యసించుటకు ప్రయాణసన్నాహములో నున్నది. ఇరువురిలో ఎవ్వరికిని ఎదుటివారి వాక్యము పూర్తియగువరకు ఆగు ఓర్పు లేదు. ఆ అంతరాయములను తొలగించి వ్రాయుటచేత వారు నిజముగా నున్నదానికంటె మర్యాదస్థులుగా కనబడవచ్చును.

మేనమామ: నీవు పోవలదని నేననను, పోయి, చదివి, ఆ చలికి తట్టుకొని రమ్ము. కాని ఈ వృత్తికి మీరందరు మూలపురుషునిగా కొలుచు హారాల్డ్ జేమన్ ఏ కళాశాలలో దీనిని నేర్చెనో చెప్పుము. కళాచరిత్ర చదివి, కొంతకాలము నాటకములాడి, 1961లో 28 ఏండ్ల ప్రాయమున స్విట్జర్లాండులోని బెర్న్ నగరపు ప్రదర్శనశాలకు అధిపతియై, ఒకదానివెంట నొకటిగా ప్రదర్శనములు కట్టుచు, చేతులు కాల్చుకొనుచు నేర్చినవాడాయన.

మేనకోడలు: చేతులు కాలిన మాట నిజమే, మామయ్యగారూ. 1969లో ఆయన కట్టిన ప్రదర్శనములో రిచర్డ్ సెర్రా కరిగిన సీసమును గోడమొదట చిమ్మెను. లారెన్స్ వీనర్ గోడపై 36 అంగుళముల చదరపు మేర గచ్చు ఒలిచి, ఆ ఒలిచిన చోటే తన కృతి యనెను. మైకేల్ హైజర్ ఇండ్లు కూలగొట్టు ఇనుపగుండును రప్పించి భవనపు ముంగిటి కాలిబాటను పగులగొట్టించెను. ఊరివారు మండిపడిరి; ఆ యేడే ఆయన ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చెను. అయితే ఆ పాఠము నాకెట్లు తెలిసినదందురు? చిత్రము గోడనుండి దిగిన తరువాతను చిత్రముగానే యుండును. ప్రదర్శనమన్ననో, గోడలు ఖాళీయైన మరునాడే నశించును. దాని ఉత్తరములను, నమూనాలను, ఛాయాచిత్రములను వెదకి చదువువారు లేనిచో ప్రతితరమువారును అదే కాలిబాటను మరల పగులగొట్టవలసినదే. ఆ ప్రదర్శనమునే 2013లో వెనీసులోని ఒక పాతసౌధమున, బెర్న్ భవనపు గదుల కొలతలతో సహా, మరల కట్టిరి. కృతులు దొరకని చోట్ల చుక్కల గీతలు గీచి, లోపల ఖాళీగా వదలిరి. నశించినదానిని చదువుటకు ఒక పద్ధతి కలదని నాకు తెలిపినవి ఆ చుక్కల గీతలే.

మేనమామ: రాజీనామా తరువాతి సంగతి విడిచితివి. 1974లో ఆయన తన సొంతయింటిలో, కేశాలంకరణ వృత్తిగా బ్రదికిన తన తాతగారి సామానంతయు పేర్చి ప్రదర్శనము చేసెను. గోడ పగులగొట్టినవారు లేరు, కరిగిన సీసము లేదు. ఒక ముసలివాని పనిముట్లు, కాగితములు, కుర్చీలు. నాకు ఆయనపై గౌరవము కలిగినది అచ్చటనే. తనకు తెలిసిన వస్తువులను, తెలిసినవాడు, తెలిసినట్లుగా అమర్చెను. ఈ ఎరుకను నీకు లండనులో ఎవరు బోధింతురు?

మేనకోడలు: ఎవరును బోధింపరు, బోధింతుమని వారును చెప్పుటలేదు. కాని బెర్న్ నగరము తన ప్రదర్శనశాలను 28 ఏండ్ల వానికి అప్పగించినది గనుక ఆయన నేర్చెను. అట్టి నగరము దొరకనివారు ఎచ్చట చేతులు కాల్చుకొనవలెను? శిక్షణ లేనిచోట ఈ వృత్తి కలవారి ఇంటి సొత్తగును. ఐరోపాలో దీనికి మొదటి శిక్షణాలయము ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరమున 1987లో వెలసినది. నేను పోవు చదువు 1992లో, ఆ కళాశాలవారును ఆర్ట్స్ కౌన్సిలువారును కూడి ప్రారంభించినది. అంతకు ముందు ఈ పనికి అర్హత యేమనగా, తండ్రి సేకరణకర్తయై యుండుట, లేదా అట్టివారి యింట విందునకు పిలువబడుట.

మేనమామ: ఇప్పటి అర్హత యేమి? లండను రుసుము కట్టగలుగుట. ద్వారము క్రొత్తదేగాని ద్వారపాలకుడు పాతవాడే. నీకు విద్యార్థివేతనము వచ్చినది గనుక నీవట్లు మాటలాడుచున్నావు. నీతోడి తరగతిలో ఎందరు రైతుబిడ్డలు కూర్చుందురో చూచి వ్రాయుము. సేకరణకర్తలను అంత తేలికగా తీసివేయవలదు. మూడవ సాలార్‌జంగు 1949లో మరణించునప్పటికి దివాన్‌దేవిడీ గదులన్నియు గడియారములు, దంతపు కుర్చీలు, కత్తులు, పింగాణి, పటములతో క్రిక్కిరిసియుండెను. వాటిని తీర్చి కూర్చుటకు పిలిపించినది ఐర్లండు కవియైన జేమ్స్ కజిన్స్‌ను. 1951లో నెహ్రూగారు ఆ ప్రదర్శనశాలను ప్రారంభించిరి. భవనము మారినను, ముసుగు రెబెక్కా విగ్రహము నెదుట నేటికిని పల్లెటూరివారు నోరు తెరచి నిలుచుచున్నారు. కజిన్స్‌కు ఈ విద్యలో ఏ పట్టము కలదు?

ఇచట నా మాట ఒకటి చెప్పవలసియున్నది. వృద్ధుడు ఈ రుసుముల ప్రస్తావనతో వాదమునందు ఒక అడుగు ముందునకు వేసెను. ఆమె దానికి నేరుగా బదులు చెప్పక దాటిపోయెను. బదులు లేకపోవుటచేత గాక, ఆ బదులు తన చేతిలో లేకపోవుటచేత దాటెనని నా తలంపు.

మేనకోడలు: ముసుగు రెబెక్కాను ఎవ్వరు ఏ మూల నిలిపినను జనులు చూతురు. చూపరిని ఆకర్షించుట వేరు, ఒకదాని సరసన మరియొకటి నిలుపుట వేరు. 1989లో పారిస్‌లో జాన్-హ్యూబెర్ మార్తాన్ అను నాతడు నూరుమందికి పైగా కళాకారులను, సగము పాశ్చాత్యులను, సగము తక్కిన భూగోళమువారిని, సమానగౌరవముతో పిలిచి ప్రదర్శనము జరిపెను. మనదేశమునుండి వార్లీ చిత్రకారుడు జివ్యా సోమా మశే, మిథిలా చిత్రకారిణి బౌవాదేవి మున్నగువారి కృతులు పోయినవి. ఉద్దేశము మంచిదే. కాని ఒక విశాలమైన హాలులో, ఆస్ట్రేలియాలోని యూయెండుమూ ఆదిమవాసులు నేలపై మట్టితో తీర్చిన చిత్రమునకు వెనుక, ఎత్తైన గోడపై, ఆంగ్లేయుడైన రిచర్డ్ లాంగ్ బురదతో ఒక బ్రహ్మాండమైన వలయము వ్రాసెను. లోనికి వచ్చినవారికి గోడపై వలయము సూర్యబింబమువలె వెలుగుచుండ, నేలపై నున్నది దానికి పరచిన తివాచీ యైనది. ఎవ్వరును ఏ తప్పుడు మాటయు వ్రాయలేదు; గోడయు నేలయు కలిసి ఆ మాట పలికినవి. ఇది చూచి నేర్వవలసినది కాదా?

మేనమామ: చూచి నేర్వవలసినదే. నేనును అదియే చెప్పుచున్నాను: చూచి. మీ బడులలో ముందు ఒక మహావిషయము నిర్ణయింతురు. పిదప దానికి సాక్ష్యము పలుకగల వస్తువులకై బయలుదేరుదురు. వస్తువు సాక్షి యైనపుడు, వకీలు అడిగినంతవరకే చెప్పి కూర్చుండును. భోపాలులో 1982లో భారత్ భవన్ అను కళాకేంద్రము తెరచునపుడు స్వామినాథన్ అట్లు చేయలేదు. ఆయన చిత్రకారుడు, ఒకప్పటి కమ్యూనిస్టు కార్యకర్త. కుర్రవిద్యార్థులను పల్లెలకు పంపి, ఏమి దొరకునో ముందుగా తెలియకయే తెప్పించెను. పాటన్‌గఢ్ అను గోండు పల్లెలో ఒక యింటిగోడపై బొమ్మ చూచి, వ్రాసినదెవరని విచారించి, జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అను పడుచువానిని భోపాలునకు రప్పించిరి. పట్టణపు చిత్రకారుల కృతులును అడవిపల్లెల కృతులును ఒకే కప్పు క్రింద నుంచి, ఇవి రెండును సమకాలికములే యనెను. కొచ్చిన్ బియెనాలే కళాప్రదర్శనపు క్యూరేటర్లను చూడుము. 2012లో బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము మొదలుకొని, జితీష్ కల్లాట్, సుదర్శన్ శెట్టి, అనితా దూబే, శుభిగీ రావు వరకు అందరును కళాకారులే. మీ బడిలో మేకు కొట్ట నేర్చినవారు కారు.

మేనకోడలు: అనితా దూబే బరోడాలో కళావిమర్శ చదివినది, మామయ్యగారూ, ఆ జాబితానుండి ఒక పేరు తగ్గింపుడు. స్వామినాథన్ విషయమున మీతో తగవు లేదు. కాని జన్‌గఢ్ కథను మీరు సగములో ఆపితిరి. ఆయన కీర్తి ఖండాంతరములకు పోయెను. 2001లో, జపానులోని ఒక ప్రదర్శనశాలకై బొమ్మలు వ్రాయుచు, ఇంటికి దూరముగా, అచ్చటనే ప్రాణము తీసికొనెను. ఏమి జరిగినదో ఇపుడు తీర్పు చెప్పుటకు మనమెవ్వరము? అయితే పల్లెనుండి ఒక మనిషిని ప్రదర్శనలోకమునకు తీసికొనివచ్చినపుడు, ఆ మనిషి ఏ షరతులపై ఎంతకాలము పనిచేయును, ఎవ్వరితో మాటలాడును, తిరుగుటికెట్టు ఎవరిచేతిలో నుండును అను ప్రశ్నలు కూడ క్యూరేటరు పనియే యని ఆనాటికి ఎవ్వరును పాఠముగా చెప్పలేదు. కన్ను గలవారు చాలమంది యుండిరి. ఒప్పందపత్రము చదువువారు లేకపోయిరి.

కొంతసేపు మాటలు నిలిచినవి. ఆయన మరల ఎత్తుకొన్నది వేరొక దారి.

మేనమామ: ఆనంద కుమారస్వామి బోస్టన్ ప్రదర్శనశాలలో ఉద్యోగిగా నుండియే, జీవించియున్న కళాకారుల పనులు చూపుట ప్రదర్శనశాలకు అవసరము కాదని, అట్లు చూపినచో అది కళాకారునికి ప్రకటన చేసిపెట్టుటయే యగునని వ్రాసెను. నశించిపోవుదానిని కాపాడుట మా పని. అమ్ముడుపోవుదానికి వెలుతురు పట్టుట మీ పని. అదియునుగాక, డిజైనను మరియొకదానిని చేర్చితిరి. న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌వారు 2010లో, ఈ-మెయిలు చిరునామా నడుమ తోక చుట్టుకొని కూర్చుండు ‘ఎట్’ గుర్తును తమ సంగ్రహములో చేర్చుకొంటిమని ప్రకటించిరి. పొడవు, వెడల్పు, బరువు, స్థితి అను గళ్లలో ఏమి వ్రాసిరో! చెదపట్టకుండ ఏ అలమరలో దాచిరో!

మేనకోడలు: దాచలేదు, కొననును లేదు. అందరిదియైన వస్తువును సొంతము చేసికొనకయే మెచ్చవచ్చునని చెప్పిరి. అది మీకు చమత్కారముగా తోచినచో, లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాల సంగతి వినుడు. 2014లో వారు, వార్తలలోనికి వచ్చిన వస్తువును వార్త చల్లారకముందే సేకరించు ఒక విధానము ప్రారంభించిరి. దానిక్రింద చేరిన మొదటివాటిలో ఒక చవుకప్యాంటు కలదు. 2013 ఏప్రిల్ 24వ తేదీన ఢాకా చెంత రాణాప్లాజా యను ఎనిమిదంతస్తుల మేడ కూలి, అందులో బట్టలు కుట్టుచున్న 1100 మందికి మించి మరణించిరి గదా. అచ్చట కుట్టుపని చేయించుకొన్న సంస్థలలో ఒకదానిదా ప్యాంటు. చూచుటకు అందులో ఏ విశేషమును లేదు: జేబులు, కుట్లు, గుండీ, చీటీ. కొట్టులో నున్నపుడు అది మీరు నేను తొడుగుకొను బట్ట. అద్దపుపెట్టెలో నున్నపుడు, ఆ కుట్టు ఎవరి చేతిదను ప్రశ్న తప్పించుకొనుటకు వీలులేదు.

మేనమామ: చీటీ తీసివేయుము. ప్రక్కనున్న ఆ అరువది పదముల వివరణపత్రమును తీసివేయుము. అది మరల ఉత్త ప్యాంటగును. తన మాట తాను చెప్పలేని వస్తువు కొరకు గోడ మాటలాడవలసివచ్చినపుడు, అది పత్రికావ్యాసమేగాని ప్రదర్శనము కాదు. చార్ల్స్ ఈమ్స్ దంపతులు 1958లో మన ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో చెంబును మెచ్చుకొనిరి; ఎట్లు మెచ్చిరో చూచితివా? ఎంత నీరు పట్టును, నిండుగ నున్నపుడు, ఖాళీగ నున్నపుడు తూనిక యెట్లుండును, తలపై నెట్లు కూర్చుండును, చంకలో నెట్లిముడును, వంచినపుడు నీరెట్లు పడును, తోమిన చేతికి ఎట్లుండును అని చెంబునే అడిగిరి. ఆ నివేదిక ఫలముగా అహమదాబాదులో 1961లో జాతీయ డిజైను సంస్థ పుట్టినది. అది చూపు.

మేనకోడలు: వారు వెల యెంత, కరగించి అమ్మినచో లోహమునకు ఎంత వచ్చును అని కూడ అడిగిరి, మీరది విడిచితిరి. ప్యాంటునడిగినదియు ఆ ప్రశ్నయే. మీ చెంబు మంచిది గనుక ఆ ప్రశ్న మీకు నొప్పింపలేదు.

ఇంతలో ఆయన లేచి లోపలిగదిలోనుండి పొడవాటి అట్టగొట్టమొకటి తెచ్చెను. దానిపై తెల్లని పలుచకాగితము, దానితోపాటు బొమ్మ వెలుపలికి వచ్చునట్లు చుట్టిన ఒక శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రము. లోపలికి చుట్టినచో రంగుపొర నలిగి ముడుతపడునని ఆయన చెప్పకయే ఆమె గ్రహించినట్లు ఆమె చూపువలన తెలిసినది. బల్లపై మూడు మూరలు మాత్రమే విప్పెను. రామాయణగాథ అడ్డుపట్టీలుగా నడచుచున్నది. ప్రతి పట్టీ క్రిందను తెలుగుపంక్తి. వెదురుపుల్ల కొనకు గుడ్డచుట్టి, తుప్పు ఇనుమును బెల్లపునీటిలో పులియబెట్టిన నల్లరంగులో ముంచి గీచిన గీత, కరక్కాయయు గేదెపాలును పట్టించిన నూలుపై ఒక్క పోగైనను ప్రక్కకు ఊరక నిలిచియున్నది. పటిక వ్రాసిన చోట మాత్రమే ఎరుపు పట్టినది. ఒకచోట హనుమంతుని తోకగీత రెండుమార్లు మొదలుపెట్టబడినది. మొదటి గీత ఉడికించినను, నదీప్రవాహమున ఎన్నిమార్లు జాడించినను పోలేదు.

మేనమామ: దీనికి వివరణపత్రము కావలెనా? దీని మాట ఇదియే చెప్పుచున్నది; తెలుగులోనే చెప్పుచున్నది.

మేనకోడలు: ఎవరు వ్రాసిరి?

మేనమామ: శ్రీకాళహస్తి.

మేనకోడలు: ఊరు వ్రాయునా, మామయ్యగారూ? మీ రిజిస్టరులో ఏమని యుండును?

మేనమామ: ‘శ్రీకాళహస్తి, నూలు, ఇరువదవ శతాబ్ది.’ ఎవరివద్ద కొన్నది అనుటకు గడి యుండెను. ఎవరు చేసినది అనుటకు గడి లేదు. ఆ నమూనా నాది కాదు, మాకు పైనుండి వచ్చినది. అయినను చేసినవాడు పేరు కోరినాడని ఎవరు చెప్పిరి? దేవుని వెనుక వ్రేలాడదీయు తెరపై చేవ్రాలెందులకు?

మేనకోడలు: దేవుని వెనుకనున్నంతకాలము అక్కరలేదు. ఊరివారందరికి తెలియును, ప్రక్కవీథిలో ఆతడే యుండును. ఆ తెరను దించి మన గోడకు తెచ్చిన క్షణముననే పేరు పోయినది, కొన్నవాని పేరు నిలిచినది. స్వాతంత్ర్యానంతరము కమలాదేవీ చటోపాధ్యాయగారి పూనికతో అచట శిక్షణకేంద్రము పెట్టిరి. ఆ ఊరి జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చినది. పేరు వలదను సంప్రదాయమే యైనచో ఆ బిరుదమును ఏ పేరున ఇచ్చిరి? కుమారస్వామిగారి మాట మీరు తెచ్చితిరి. మృతులు వచ్చి తమ బొమ్మను తప్పుగా తగిలించితిరని అడుగరు. బ్రదికియున్నవాడు గదిలో నిలిచి అడుగును. ఆ అడుగుటకు తట్టుకొనుటయే నేను నేర్వబోవునది. మా చదువులో విద్యార్థులు కూడి ప్రదర్శనము కట్టవలెను. నలుగురైదుగురికి ఒక గోడపై ఏకాభిప్రాయము కుదురుటకే సగము కాలము పోవునట. మీ నిలువగదిలో మీరొక్కరే యుండిరి.

మేనమామ: ఒక్కడనే గనుక వస్తువులు పగులలేదు. సరే, పరీక్ష. ఈ వస్త్రము పొడవు 18 అడుగులు. నీ కిచ్చిన గోడ 12 అడుగులు. ఏమి చేయుదువు? నేనైనచో ఒక ప్రక్క గొట్టమునకు చుట్టియుంచి, పక్షమునకొకమారు తిప్పుదును. వెలుతురు 50 లక్సులు మించనీయను, నెలలు దాటనీయను, కాలము తీరగానే చీకటిలోనికి పంపుదును. రెండవభాగము చూడగోరువాడు రెండవమారు వచ్చును.

మేనకోడలు: రామకథను పక్షమునకు సగము చొప్పున చూపినచో, మొదటి పక్షమున వచ్చినవానికి రావణుడు చావడు. నేను ముందు వ్రాసినవారినో వారి యింటివారినో పిలిచి అడుగుదును. చుట్టవచ్చునందురో, గుడి మూలలో త్రిప్పినట్లు గోడమూలలో త్రిప్పి రెండు గోడలకు పరచుడందురో, దీనిని వదలి చిన్నది మరియొకటి వ్రాసి యిత్తుమందురో. వ్రాసియిత్తుమనినచో దానికి రుసుమిత్తును. లెక్కకాగితములో మొదటి పంక్తి అదియే.

మేనమామ: మొదటి పంక్తి బీమా, గోడ మేకునుండి గోడ మేకువరకు. రెండవది రవాణా. మూడవది దీపములు. నీ రుసుము మొదట వ్రాసినచో దీపములకు మిగులదు.

మేనకోడలు: 50 లక్సులు చాలునంటిరి గదా. దీపములు తగ్గింతును.

మేనమామ: 50 లక్సులకైనను కరెంటు బిల్లు వచ్చును, అమ్మాయీ. ఆ పంక్తి ఎచ్చట వ్రాసితివో చూపుము.

ఆమె కాగితమును తన వైపునకు లాగుకొని, వ్రాసినదానిపై నొక గీత కొట్టి, మరల కూడుట మొదలిడెను.